ఫరవాలేదనే జబ్బు

ఏవిస్ ఓల్డ్‌రాయిడ్‌కి జలుబంటే కోపం. అందరికీ ఉండే విసుగు కాదు, నిఖార్సైన కోపం. దుకాణంలో పక్కన నిలబడ్డ మనిషి అరచేతిలోకి తుమ్మి, అదే చేత్తో రొట్టెలు ఏరుకుంటుంటే కాలర్ పట్టుకుని బయటికి ఈడ్చేయాలన్నంత కోపం. కానీ ఈడ్చేది కాదు. ఇంగ్లీషువాళ్ళ యార్క్‌షైర్‌లో ఎవరూ ఎవరి కాలరూ పట్టుకోరు. పెదవులు బిగించి, గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఇంకో దుకాణానికి పోయేది.

ఆ కోపానికి కారణం ఇంట్లోనే ఉంది. దాని పేరు విల్ఫ్. ఏవిస్‌కి అన్న. మీసాలైనా రాకముందే బొగ్గుగనిలోకి దిగి, జుట్టు నెరిసేదాకా అక్కడి ధూళి పీల్చి, ఆ ధూళినంతా రొమ్ములో మోసుకుని ఇంటికొచ్చిన మనిషి. చెల్లెలు కాలేజీలో రసాయనశాస్త్రం చదివిందంటే అతను దిగిన గనివల్లే. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. బార్న్‌స్లీ దగ్గర గనివాళ్ళ వీధిలో, అమ్మానాన్నా ఉన్న ఇంట్లోనే ఇద్దరూ ఉండేవారు. వేసవిలో విల్ఫ్ మిగిలిన కాస్త ఊపిరితోనే పెరట్లో క్యాబేజీలు పెంచుకుంటూ నెట్టుకొచ్చేవాడు. చలికాలం వచ్చి వీధిలో ఎవరికి జలుబు చేసినా, అది వెతుక్కుంటూ అతని దగ్గరికే వచ్చేది. మిగతావాళ్ళకి నాలుగు రుమాళ్ళతో వదిలిపోయే జలుబు అతన్ని ఆసుపత్రి మంచమెక్కించేది. ప్రతి ఏడూ ఇదే వరస. దిగి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఊపిరి ఇంకాస్త తగ్గి ఉండేది.

అయినా ఎవరైనా "ఎలా ఉన్నావ్ విల్ఫ్?" అని అడిగితే చాలు, పెదాలు నీలం తిరిగి ఉన్నా సరే, "ఫరవాలేదు, బాగానే ఉన్నా" అనేవాడు. ఆ మూడు మాటలకీ మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకునేవాడు.

ఈ ఫరవాలేదు సంగతి ఆ మనుషుల మధ్య కొన్నేళ్ళు బతికితే గానీ తెలియదు. కాలు విరిగినవాడూ అదే అంటాడు, ఇల్లు కాలినవాడూ అదే అంటాడు. బాధ ఉందని చెప్పడం వాళ్ళకి బట్టల్లేకుండా వీధిలోకి రావడంతో సమానం. అడిగినవాడూ నిజం వినడానికి అడగడు. ఎవడైనా పొరపాటున "అస్సలు బాగోలేదండీ" అన్నాడనుకోండి, అడిగినవాడి మొహం చూడాలి. పాపం, ఎటు పారిపోవాలో తెలియక బస్సు వస్తోందేమోనని వెనక్కి తిరిగి చూస్తాడు. దీన్ని మర్యాద అంటారు. ఈ మర్యాద ఎంతమందిని మింగిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఏవిస్ లీడ్స్‌లో ఒక మందుల కంపెనీలో రసాయనాలు తయారుచేసేది. జలుబు వైరస్‌ని ఆపే పదార్థం వెతకడం ఆమె పని. వెతకడమంటే అడవిలో మూలికలు ఏరడం కాదు. ఒక పదార్థాన్ని తీసుకుని దాని తోక కాస్త పొడిగిస్తుంది, లేదా తలకాయ దగ్గర ఒక ముక్క తీసి ఇంకో ముక్క అతికిస్తుంది. వారాల తరబడి కాచి, వడగట్టి, స్ఫటికాలు కట్టించి, గోరంత తెల్లపొడి చేతికి తెచ్చుకుంటుంది. దానికో నంబరు వేసి, కింది అంతస్తులోని వైరస్ గదికి పంపుతుంది. అక్కడ గాజుగొట్టాల లోపలి గోడకి మనిషి కణాలు అంటుకుని పెరుగుతుంటాయి. ఆ గొట్టాలన్నీ ఒక చక్రానికి గుచ్చి, వెచ్చని అరలో మెల్లగా తిరుగుతుంటాయి. ఒంటి వేడి కన్నా అక్కడ వేడి కాస్త తక్కువ. ముక్కు ఎప్పుడూ చల్లగా ఉంటుంది కదా, ఈ వైరస్‌కి ఆ చల్లదనమే కావాలి. అందులో వైరస్ వేస్తే కణాలు గుండ్రంగా ముడుచుకుని, గాజు మీంచి ఊడి, చచ్చి అడుగున పడతాయి. మందు మంచిదైతే పడవు.

ఏళ్ళ తరబడి పడుతూనే వచ్చాయి. కొన్ని పొడులు ఏమీ చేసేవి కావు. కొన్ని వైరస్‌నీ చంపేవి, కణాలనీ చంపేవి, వాటికన్నా ఏమీ చేయనివే నయం. ఒకటి అద్భుతంగా పనిచేసింది గానీ నీళ్ళలో కరగనని మొండికేసింది. కింది గదివాళ్ళు మెట్లెక్కి వచ్చి "సారీ, మిస్ ఓల్డ్‌రాయిడ్" అన్నప్పుడల్లా ఏవిస్ "ఫరవాలేదండీ, ఇంకోటి చేస్తాను" అనేది. వాళ్ళు వెళ్ళాక సింకు దగ్గర నిలబడి గాజు సామాను పగిలేలా తోమేది. చూశారా, ఈ జబ్బు ఆమెకీ ఉంది.

ఒక మార్చి నెల ఉదయం కింది గదివాళ్ళు సారీ చెప్పలేదు. "ఒకసారి కిందికి వస్తారా?" అన్నారు. ఏవిస్ సూక్ష్మదర్శిని మీదికి వంగి చూసింది. వైరస్ వేసిన గొట్టమే. కానీ కణాలు పొడుగ్గా, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఏమీ జరగనట్టు గాజుని పట్టుకుని ఉన్నాయి. పక్క గొట్టంలో మందు పడనివన్నీ రాలిపోయి ఉన్నాయి. మళ్ళీ చేయమంది. మళ్ళీ చేశారు. ఇంకో రకం జలుబు వైరస్‌తోనూ చేశారు. కణాలు గాజు వదల్లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, టోపీ కూడా తీయకుండా కుర్చీలో కూలబడి, "దొరికింది విల్ఫ్" అంది.

"ఏంటే పోయింది?" అన్నాడు విల్ఫ్, టీ కెటిల్ పొయ్యి మీద పెడుతూ.

"పోయింది కాదు. మందు. జలుబుకి."

విల్ఫ్ కప్పులు దించాడు. "పోనీలే, మంచిదే" అన్నాడు. అతని లెక్కలో అంతకు మించిన పొగడ్త లేదు. తర్వాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు దగ్గాడు. ఆమెకి వినపడకూడదని అతని ఉద్దేశం. ఆ గోడలు కాగితమంత పలచన, పక్కింటివాళ్ళకి కూడా వినపడింది.

గొట్టంలో పనిచేస్తే సరిపోదు, మనిషి ముక్కులో పనిచేయాలి. దానికి మూర్ అనే బీడు కొండనేల అంచున, యుద్ధకాలంలో సైన్యం కట్టి వదిలేసిన రేకుల ఇళ్ళలో ఒక జలుబు కేంద్రం ఉండేది. విద్యార్థులు, రిటైరైనవాళ్ళు, డబ్బుల్లేని కొత్త దంపతులు అక్కడికి కావాలనే వచ్చేవాళ్ళు. ఉచిత భోజనం, ఉచిత బస, నడవడానికి కొండలు. బదులుగా ముక్కులో వైరస్ చుక్కలు వేయించుకోవాలి. అందులో సగం మందికి ఏవిస్ మందు, మిగతా సగానికి ఉత్త నీళ్ళు పిచికారీ చేస్తారు. ఎవరికి ఏది పడిందో పరీక్ష ముగిసేదాకా అక్కడెవరికీ తెలియదు. మందు మహా చేదు కాబట్టి నీళ్ళలో కూడా ఏదో చేదు కలిపారు. ఆ ద్రావణం నిలవ ఉండేది కాదు. అందుకే తాజాది తీసుకుని ఏవిస్ లీడ్స్ నుంచి రైల్లో వస్తూ పోతూ ఉండేది.

కేంద్రం పెద్ద డాక్టర్ పార్జిటర్. పొడుగ్గా, పల్చగా, మొహం మీద ఎప్పుడూ క్షమాపణ కోరుతున్నట్టుండే మనిషి. ఉదయం పూట ముక్కుకి గుడ్డ కట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎవరి జలుబు ఎంత ఉందో అడిగి మార్కులు వేసేవాడు. ఆ మార్కులే పరీక్ష. జలుబు ఎక్కువైతే ఎక్కువ, లేకపోతే సున్నా.

ఒక ఉదయం ఏవిస్ సీసాల పెట్టె పట్టుకుని ఆయన వెనకే నడుస్తూ ఆ మార్కులు ఎలా పడుతున్నాయో విన్నది.

తలుపు తీసింది మిసెస్ టట్‌హిల్ అనే రిటైరైన టీచరు. ముక్కు పండిన టమాటాలా ఉంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"గుడ్ మార్నింగ్ మిసెస్ టట్‌హిల్. ఈ పూట ఎలా ఉన్నారు?"

"ఫరవాలేదు డాక్టరుగారూ, బాగానే ఉన్నాను. మీరే పాపం, ఈ వానలో తిరుగుతున్నారు."

"గొంతు నొప్పి ఏమైనా?"

"అబ్బే, చెప్పుకునేంత లేదండీ."

"ముక్కు కారుతోందా?"

"ఏదో కొంచెం. వయసు కదా." అని ఇల్లదిరేలా తుమ్మింది. "అయ్యో, క్షమించండి."

పార్జిటర్ కాగితం మీద సున్నా వేశాడు.

పక్కింట్లో ఒక కుర్రాడు. మాట్లాడితే గొంతులోంచి కప్ప అరిచినట్టుంది. పిచికారీ చేదుగా ఉందా అని డాక్టరు అడిగితే, "లేదండీ, చాలా బాగుంది, థాంక్యూ" అన్నాడు. అతనికీ సున్నా పడింది. ఆ పక్క ఇంట్లో కొత్త దంపతులు. మొగుడు దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. పెళ్ళాం అతనికి అడ్డంగా నిలబడి, "ఇద్దరం హాయిగా ఉన్నాం" అని చెప్పింది.

ఏవిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పదేళ్ళు పైబడి వంచిన నడుము ఎత్తకుండా పదార్థం మీద పదార్థం చేసుకుంటూ వచ్చి, చివరికి ఒకటి చేతికి చిక్కితే, దాన్ని తేల్చేది ఇదా? మందు పడ్డవాళ్ళూ ఫరవాలేదు, నీళ్ళు పడ్డవాళ్ళూ ఫరవాలేదు. ఇక తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ లెక్కన దేశం మొత్తానికి ప్లేగు వచ్చినా ఈయన కాగితం మీద సున్నాలే పడతాయి.

డాక్టర్ని నిలదీయాలని నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది. ఆయన లేచి నిలబడి, కుర్చీ చూపించాడు. అంతే, ఆమె నోట్లోంచి ఏం వచ్చిందో వినండి.

"డాక్టరుగారూ, మీ పనిలో తలదూర్చడం కాదు గానీ... ఒకవేళ మీకు వీలైతే... వాళ్ళు చెప్పేదొక్కటే కాకుండా, ఏమో, వాడేసిన రుమాళ్ళు తూచడమో, అలాంటిదేదైనా... ఏదో మాటవరసకి అంటున్నానండీ. అంత ముఖ్యమేం కాదు."

"చాలా ఆసక్తికరమైన ఆలోచన మిస్ ఓల్డ్‌రాయిడ్" అన్నాడు పార్జిటర్.

ఆసక్తికరమైన ఆలోచన అంటే ఆ దేశంలో చెత్తబుట్ట అని. ఏవిస్ ఆయనకి థాంక్యూ చెప్పి బయటికొచ్చింది. వరండాలో నాలుగడుగులు వేశాక గానీ తను ఏం చేసిందో ఆమెకి అర్థం కాలేదు. గోడకి తల బాదుకోవాలనిపించింది. అక్కడే నిలబడి తనని తానే తిట్టుకుంటుంటే సిస్టర్ గెరటీ చూసింది.

గెరటీ ఆ కేంద్రంలో హెడ్ నర్సు. ఐర్లండ్ మనిషి. నోరు తెరిస్తే ఊరుకోదు.

"ఏంటమ్మా, గోడతో మాట్లాడుతున్నారు?"

"మీ డాక్టరుగారికి నేను చెప్పాల్సింది చెప్పలేకపోయాను."

"మీరెప్పుడు చెప్తారు గనక! మీ ఇంగ్లీషోళ్ళు, చావొచ్చి తలుపు కొడితే కాళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మని టీ పెడతారు. అసలేం చెప్పాలనుకున్నారు?"

ఏవిస్ చెప్పింది. ఈసారి తిన్నగానే చెప్పింది. గెరటీ నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది.

"రుమాళ్ళా? అవి రోజూ నేనేగా ఇంటింటికీ తిరిగి సంచుల్లో మూటగట్టించి కాల్పించేది. కాల్చే ముందు తూకం వేస్తే ఎవరి సొమ్ము పోయింది?"

మర్నాడే ఆమె టౌన్‌లోని ప్రసూతి ఆసుపత్రిలో మూల పడేసిన తరాజు ఒకటి ఎత్తుకొచ్చింది. పుట్టిన పిల్లల్ని తూచేది. దాని తొట్టెలో కట్టేసిన కాగితం సంచులు పెట్టి, చేతులకి తొడుగులు వేసుకుని, ఇంటికొకటి చొప్పున తూచి, పక్కన ఆ ఇంటి నంబరు వేసుకుంది. "ఇదిగో, మిసెస్ టట్‌హిల్ బిడ్డ. బలే బొద్దుగా ఉంది" అనేది. ఏవిస్ ఆ మాటకి చాన్నాళ్ళ తర్వాత పగలబడి నవ్వింది.

పరీక్ష అయిపోయింది. ఎవరికి మందు పడిందో, ఎవరికి నీళ్ళు పడ్డాయో విప్పి చూశారు. మార్కుల ప్రకారం రెండు గుంపులకీ తేడా ఏమీ లేదు. అందరూ ఫరవాలేదు. సంచుల ప్రకారం మాత్రం నీళ్ళు పడ్డ ఇళ్ళ బరువులో సగం కూడా లేదు మందు పడ్డ ఇళ్ళది. మిసెస్ టట్‌హిల్‌కి పడింది నీళ్ళే.

ఏవిస్ ఆ తేడా చూపిస్తే పార్జిటర్ అంకెలన్నీ తనే మళ్ళీ కూడి చూశాడు. చెడ్డమనిషి కాదు. ఎర్రబడ్డాడు.

"నిజమే కావచ్చు మిస్ ఓల్డ్‌రాయిడ్. కానీ ముందు అనుకున్న కొలత ఇది కాదు కదా. పరీక్ష అయ్యాక ఎవరికి నచ్చిన కొలత వాళ్ళు తెచ్చుకుంటే నీళ్ళు కూడా మందే అవుతాయి. ఈసారి తూకమే కొలతగా పెట్టుకుని మళ్ళీ పరీక్ష చేద్దాం. నేను రెడీ. మీ కంపెనీ ఒప్పుకోవాలి."

ఆ మాటలో న్యాయం ఉందని ఏవిస్‌కి తెలుసు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయింది. ఇప్పుడు మిగిలింది ఒక్కటే: కంపెనీ రెండో పరీక్షకి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ పొడి అలమారాలోకి పోతుంది. అలమారాలోకి పోయినవి మళ్ళీ బయటికి రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అక్టోబరు వచ్చేసింది. విల్ఫ్ అప్పుడే మెట్లెక్కడం మానేసి కింద గదిలో పడుకుంటున్నాడు. ఎందుకని అడిగితే, కింద వెచ్చగా ఉంటుందన్నాడు.

కంపెనీలో ఆ నిర్ణయం మిస్టర్ కోప్లీ చేతిలో ఉంది. గులాబీరంగు మొహం, చక్కటి టై, ఎవరినీ నొప్పించని గొంతు. ఆయన ఏవిస్ చెప్పిందంతా విని, తల ఊపి, తన బల్ల మీది కాగితం ఒకటి ముందుకి జరిపాడు. లీడ్స్ బజార్లో ఆడపిల్లల్ని నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళని అడిగించాడట: జలుబు చేస్తే తగ్గించే పిచికారీ ఉంటే కొంటారా?

"దాదాపు అందరూ అదే అన్నారు మిస్ ఓల్డ్‌రాయిడ్. 'అబ్బే, జలుబే కదా, దానికి మందెందుకు, ఫరవాలేదు' అని. జనం అక్కర్లేదంటుంటే మేం ఎవరికి అమ్మాలి చెప్పండి?"

మందు పనిచేయడం లేదని తేల్చిందీ ఆ మాటే, పనిచేసినా అక్కర్లేదని తేల్చిందీ ఆ మాటే. బజార్లో గొడుగు పట్టుకుని నిలబడ్డ ఏ ఇంగ్లీషువాడు, ముక్కూమొహం తెలియని పిల్ల అడిగితే, "అవునమ్మా, చలికాలం వస్తే చస్తానేమోనని భయం" అంటాడు? అలా అనగలిగినవాళ్ళు అసలు బజారుకి రాగలరా? వాళ్ళు మంచాల మీద ఉన్నారు.

"జలుబంటే ఏమిటో మీకు చూపిస్తాను. మా అన్నని తీసుకొస్తాను. ఒక్క పావుగంట ఇవ్వండి" అంది.

"తప్పకుండా. చాలా సంతోషం" అన్నాడు కోప్లీ.

విల్ఫ్ అంత్యక్రియలకి వేసుకునే నల్లసూటు వేసుకుని వచ్చాడు. కోప్లీ గది రెండో అంతస్తు. మెట్ల మలుపు వచ్చినప్పుడల్లా విల్ఫ్ ఆగి, గోడ మీది ఫోటోలు చూశాడు. కంపెనీ పాత ఛైర్మన్లు. ఒక్కొక్కరిని అంతసేపు శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు ఉండడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పెదాలు సీసం రంగులోకి తిరిగాయి. ఏవిస్ మనసులోనే అనుకుంది: మంచిదే, చూడనీ.

కోప్లీ లేచి ఎదురొచ్చాడు. స్వయంగా కుర్చీ లాగి వేశాడు. టీ తెప్పించాడు, బిస్కెట్లు ముందుకి జరిపాడు. విల్ఫ్ రెండు చేతులతో కప్పు పట్టుకున్నాడు.

"ఎలా ఉన్నారు మిస్టర్ ఓల్డ్‌రాయిడ్?" అన్నాడు కోప్లీ.

విల్ఫ్ ఊపిరి కూడగట్టుకున్నాడు. చెల్లెలి వంక చూడలేదు.

"ఫరవాలేదండీ. బాగానే ఉన్నాను. థాంక్యూ."

కోప్లీ మొహం విచ్చుకుంది. "చూశారా?" అన్నట్టు ఏవిస్ వంక చూశాడు.

"అబద్ధం!" అంది ఏవిస్.

గట్టిగానే అంది. గదిలో టైపు కొడుతున్న అమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

"అబద్ధం చెప్తున్నాడు. మెట్ల మీద పడిపోతాడనుకున్నాను. పోయిన జనవరిలో మా పక్కింటి పిల్లకి ముక్కు కారింది, అంతే, వారం తిరక్కుండా ఈయన ఆక్సిజన్ కింద ఉన్నాడు. రాత్రిళ్ళు పడుకోలేక కూర్చునే తెల్లారుస్తాడు. మీరు టై కట్టుకుని టీ ఇచ్చి అడిగితే ఏం చెప్తాడు? మీ బజార్లో మనుషులు ఏం చెప్తారు? అడగడం కూడా ఒక పద్ధతేనా? వెళ్ళి వాళ్ళ మంచాలు చూడండి! వాళ్ళ సంచులు తూచండి!"

"మిస్ ఓల్డ్‌రాయిడ్, కాస్త నెమ్మదిగా..."

"ఇన్నాళ్ళూ నెమ్మదిగానే ఉన్నాను. ఆ నెమ్మది వల్లే ఇక్కడిదాకా వచ్చింది!"

విల్ఫ్ తల వంచుకుని బిస్కెట్ వంక చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెల్లెలు పెద్దమనుషుల ముందు అరిచినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"చాలా గట్టిగా చెప్పారు. తప్పకుండా ఆలోచిస్తాం" అన్నాడు కోప్లీ, తలుపు దాకా వచ్చి సాగనంపుతూ. ఆ వారం చివర్లో పొడి సీసా అలమారాలోకి పోయింది. ఏవిస్‌ని చర్మానికి రాసుకునే క్రీముల విభాగంలోకి మార్చారు. గజ్జికి తెగ గిరాకీ ఉందట.

కోప్లీ సాగనంపిన రోజు అన్నాచెల్లెళ్ళు బస్ స్టాపులో నిలబడ్డారు.

"ఎందుకలా అన్నావ్ విల్ఫ్?" అంది ఏవిస్.

"మరేం చెప్పమంటావే? కుర్చీ లాగి వేశాడు. టీ ఇచ్చాడు. అంత మర్యాద చేసినాయన మొహం మీద, చచ్చిపోతున్నానయ్యా అని ఎలా చెప్పను?"

"చచ్చిపోతున్నావా?"

విల్ఫ్ రోడ్డు వంక చూశాడు. "బస్సొచ్చింది" అన్నాడు.

ఆ ఏడు జలుబు క్రిస్మస్ ముందే వచ్చింది. ఎవరు తెచ్చారో తెలియదు, ఎవరైనా తేవచ్చు. విల్ఫ్‌ని అంబులెన్సులో బార్న్‌స్లీ ఆసుపత్రికి చేర్చారు. పొడుగాటి వార్డు. రెండు వైపులా ఇనపమంచాలు. ప్రతి మంచం మీదా ఒక పాత గనిమనిషి, కూర్చుని, తొడల మీద చేతులు ఆనించి, ఊపిరి కోసం పెనుగులాడుతూ. అందరికీ జలుబుతోనే మొదలైంది. ఏవిస్ అందరినీ పేరు పేరునా ఎరుగును. ఒకడు విల్ఫ్‌తో పాటు ఒకే షిఫ్టులో దిగినవాడు, ఒకడు వాళ్ళ వీధి చివర ఇంటివాడు.

కుర్ర డాక్టరు ఒకడు ఆ చివర నుంచి మంచం మంచం దగ్గరా ఆగుతూ వస్తున్నాడు. పాపం, అతనికీ నిద్ర లేదు. "ఎలా ఉన్నారు?" అంటున్నాడు. "ఫరవాలేదండీ" అంటున్నారు. అట్ట మీద ఏదో గీసి, తర్వాతి మంచానికి నడుస్తున్నాడు. అలాగే విల్ఫ్ దగ్గరికి వచ్చాడు. అదే ప్రశ్న, అదే జవాబు. గీసుకుని ముందుకి కదిలాడు.

ఏవిస్ నోరు తెరవబోయింది. విల్ఫ్ ఆమె కోటు చెయ్యి పట్టుకుని గుంజాడు.

"నాకు బాగోలేదే ఏవిస్" అన్నాడు. "అస్సలు బాగోలేదు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట అతని నోట వినలేదు. గుండె నీరైపోవాల్సింది. కానీ ఏవిస్‌కి ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. అతని మీద, డాక్టరు మీద, కోప్లీ మీద, తన నోటి మీద, అందరి మీదా.

"నాతో చెప్తావేం? నేనేం చేయగలను? నా చేతిలో ఉన్నదాన్ని అలమారాలో పెట్టేశారు. ఆయనతో చెప్పు. వెళ్ళిపోతున్నాడు. గట్టిగా చెప్పు విల్ఫ్!"

విల్ఫ్ మంచం కడ్డీ పట్టుకుని పైకి లేచాడు. "డాక్టరుగారూ" అన్నాడు. డాక్టరుకి వినపడలేదు. మళ్ళీ ఊపిరి పీల్చుకుని, స్కూల్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు. ఎదురు మంచం మీది ముసలాయన అది చూసి, చెంచాతో ఇనపకడ్డీ మీద టంగుమని కొట్టాడు. డాక్టరు వెనక్కి తిరిగాడు.

"నాకు బాగోలేదండీ" అన్నాడు విల్ఫ్.

ఎవరో బూతుమాట అన్నట్టు అందరూ అతని వంకే చూశారు. తర్వాత, చెంచా పట్టుకున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ మాటకొస్తే నాకూ బాగోలేదండీ" అన్నాడు.

"నాకూ" అన్నాడు కిటికీ పక్క మంచం మీదాయన. ఆ పక్కాయన మాట్లాడలేక చెయ్యెత్తాడు. అటువైపు ఇంకో చెయ్యి లేచింది. అక్కడక్కడా దగ్గుల మధ్య "నాకూ", "నాకూ బాగోలేదు" అన్న మాటలు వార్డు ఆ చివరిదాకా పాకాయి. ఏవిస్ ఆ చేతులన్నిటి వంకా చూసింది. కోప్లీ ఇక్కడికి రావాలి అనుకుంది. రానంటే చెవి పట్టుకుని తేవాలి. తెస్తుంది కూడా.

డాక్టరు చేతిలోని అట్ట వంక ఒకసారి చూసుకున్నాడు. మొదటి మంచం దగ్గరికి తిరిగి నడిచి, స్టూలు లాక్కుని కూర్చుని, మళ్ళీ మొదట్నుంచి అడగడం మొదలుపెట్టాడు. ఈసారి ఏవిస్ థాంక్యూ చెప్పలేదు.